పదిహేడో తుపాకీ

మా లారెల్ ఫోర్క్ వేటగాళ్ల క్లబ్బులో ఒక ఆచారం ఉంది. తుపాకీ పట్టుకుని వచ్చినవాడు ఎంతటివాడైనా సరే గడప దగ్గర ఆగాలి. బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే అర ఖాళీగా ఉందని లోపలున్నవాళ్లలో ఒకరికి చూపించాలి. ఆ ఒకరు వంగి, కళ్లారా చూసి, "ఖాళీ" అనాలి. ఆ మాట వినబడ్డాకే కాలు లోపల పెట్టాలి.

ఈ ఆచారాన్ని కాపాడటంలో మా బావమరిది డెల్మర్ క్లింగర్‌ని మించినవాడు లేడు. క్లబ్బుకి అధ్యక్షుడు కూడా అతనే. ఎనిమిదేళ్ల కిందట, జింకల వేట మొదలయ్యే రోజున, పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరొకాయన బోల్ట్ మూసి గడప దాటాడని, పెట్టేబేడా సర్దించి ఆ మంచులోనే వెనక్కి పంపేశాడు. డాక్టరు ఎంతో బతిమాలాడు. "నువ్వు చేతులు కడుక్కోకుండా నా నోట్లో వేళ్లు పెడితే నేనూరుకుంటానా?" అన్నాడు డెల్మర్. ఆ మాటకి ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ డెల్మర్ ఇంట్లోనే, నిండా తూటాలున్న పిస్టల్ ఒకటి ఫ్రిజ్ మీద రొట్టెల బుట్టలో ఉంటుంది. సోఫా కింద ఒక షాట్‌గన్ ఉంటుంది. గొడుగుల మధ్య ఒక రైఫిల్ గొడుగులాగే నిలబడి ఉంటుంది. క్లబ్బు గడప దగ్గర అంత మడి కట్టుకునే మనిషికి సొంత గడప లోపల ఏ మైలా అంటదు.

నాకూ అయిదు తుపాకులున్నాయి. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే ఇక్కడివాళ్లు నన్ను ఫిలడెల్ఫియా నుంచి దిగిన, తుపాకులంటే గిట్టని పట్నం పెద్దమనిషిని చేసేస్తారు. పన్నెండో ఏట మా నాన్న పక్కన కూర్చుని మొదటి జింకని కొట్టాను. తుపాకీ అంటే ఇష్టపడేవాళ్లతో నాకు పేచీ లేదు. తుపాకీ చేతిలో ఉంటే తప్ప తమని తాము ఇష్టపడలేనివాళ్లతోనే పేచీ. మా క్లబ్బులో వాళ్ల సంఖ్య ఏటా పెరుగుతోంది. కొత్తగా చేరినవాడికి జింక అడుగుజాడకీ మేక అడుగుజాడకీ తేడా తెలియదు. టోపీ మీద మాత్రం తుపాకీ బొమ్మ ఉంటుంది.

నా భార్య లుయెలా పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయిన ఏడాది నేనొక కుక్కని తెచ్చుకున్నాను, పేరు టిల్లీ. ఆ కుక్కని నాకివ్వడానికి ముందు కుక్కల ఆశ్రమంవాళ్లు మూడు కాగితాలు నింపించుకున్నారు, ఇద్దరు తెలిసినవాళ్ల పేర్లు అడిగారు, మా కంచె ఎత్తు కొలవడానికి ఒక మనిషిని పంపారు. అదే నెలలో సంతలో ఒకతని దగ్గర పాత రైఫిల్ కొన్నాను. అతను నన్నడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "సంచీ కావాలా?"

ఇంతకంటే పెద్ద రాజకీయాలు నాకు లేవు. కుక్కని ఇచ్చేముందు చూసినంతైనా మనిషిని చూసి తుపాకీ ఇవ్వమంటాను. పిల్లలు తిరిగే ఇంట్లో దానికి తాళం వెయ్యమంటాను. ఈ రెండు ముక్కలకే మా లోయలో నన్ను విప్లవకారుడి కింద జమకట్టారు.

నవంబరు మూడో ఆదివారం, చర్చి అయ్యాక, క్లబ్బులో సభ జరిగింది. పిల్లలున్న ఇళ్లలో తుపాకులు తాళంలో ఉండాలని హారిస్‌బర్గ్‌లో, మా రాష్ట్ర శాసనసభలో, ఎవరో ఒక బిల్లు పెట్టారట. దాన్ని వ్యతిరేకిస్తూ ఉత్తరం రాయాలని డెల్మర్ పట్టుదల. ఉత్తరం అప్పటికే రాసేశాడు. చివర "సభ్యులందరం ఏకగ్రీవంగా" అని కూడా టైపు చేసేశాడు.

"ఇవాళ తాళం వెయ్యమంటారు. రేపు తాళంచెవి మాకిమ్మంటారు. ఎల్లుండి..." అని ఆగాడు. ఎల్లుండి ఏం జరుగుతుందో చెప్పలేదు. చెప్పకుండానే చప్పట్లు మోగాయి.

ప్లంబరు హార్లన్ బైలర్ లేచాడు. "నేను తాళం తీసుకునేలోపు దొంగ నా పీక కోసేస్తాడు!"

నాకు తెలిసి ముప్పై ఏళ్లలో మా లోయలో దొంగతనాలు రెండే జరిగాయి. ఒకసారి ఒక రంపం మిషను పోయింది. ఇంకోసారి గడ్డకట్టిన టర్కీ కోడి పోయింది. ఆ కోడిని తీసింది హార్లన్ తమ్ముడేనని అందరికీ తెలుసు, హార్లన్ దాన్ని తిన్నాడని కూడా తెలుసు.

నేను లేచాను. "ముప్పై నాలుగేళ్లు మీ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాను. యాసిడ్ సీసాలున్న బీరువాకి రోజూ తాళం వేశాను. నా స్వేచ్ఛని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఈ గదిలో సగం మందికి ఇవాళ రెండు కళ్లూ ఉన్నాయంటే ఆ తాళం పుణ్యమే. హార్లన్, నీ సంగతి ముఖ్యంగా."

"మాస్టారు మళ్లీ క్లాసు మొదలెట్టేశారు రోయ్!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నలభై ఏళ్లు దాటినా వెనక బెంచీ వెనక బెంచీయే.

చేతులెత్తమన్నారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. నా చెయ్యి ఒడిలోనే ఉంది.

"ఏకగ్రీవం అని టైపు చేశాను బావా," అన్నాడు డెల్మర్, నేనేదో అతని బట్టల మీద కాఫీ ఒలకబోసినట్టు.

"మళ్లీ టైపు చేసుకో."

"ముగ్గురు మనవలకి సరిపడా వయసొచ్చింది, మొండితనం పోలేదు. వారం టైమిస్తున్నాను, ఆలోచించు."

బయటికి వస్తుంటే వంటగదిలోంచి ఇర్మా పిలిచింది. క్లబ్బు వంటంతా ఆమెదే. ఆమెకి ఓటు లేదు. ఏమీ మాట్లాడకుండా యాపిల్ కేకులోంచి మూల ముక్క, అంచు బాగా ఎర్రగా కాలినది, కోసి కాగితంలో చుట్టి నా కోటు జేబులో పెట్టింది. ముప్పై ఒక్క చేతులకి అది సరిపడా జవాబని నాకనిపించింది.

మర్నాడు ట్రెసా మా ఇంటికొచ్చింది. ట్రెసా డెల్మర్ కూతురు. అల్టూనాలో కాపురం చెడి, నాలుగేళ్ల కూతురు మేబుల్‌ని తీసుకుని మూడు వారాల కిందట తండ్రి ఇంటికి చేరింది. ఇక్కడ వృద్ధాశ్రమంలో పని దొరికింది. ఆమె పనికి వెళ్లినంతసేపూ మేబుల్‌ని చూసుకునేది డెల్మరే.

వచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీ అంచు మీద కూర్చుంది.

"మావయ్యా, నాన్నతో నువ్వు మాట్లాడాలి."

"నిన్ననే మాట్లాడాను కదా. ముప్పై ఒక్కమంది విన్నారు."

"ఇది ఉత్తరం గురించి కాదు. నిన్న మేబుల్‌కి రొట్టె తీద్దామని ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టాను. చేతికి పిస్టల్ తగిలింది. నాన్నా, పిల్ల కుర్చీ ఎక్కుతుంది అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'నిన్నూ ఇలాగే పెంచాను, నీకేమన్నా అయిందా?' అన్నాడు."

ఈ మాట మా లోయలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఏమన్నా అయినవాళ్లు లేచొచ్చి జవాబు చెప్పలేరు కాబట్టి ఈ వాదనకి ఓటమి లేదు.

"గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. ఆలోపు అన్నీ తాళంలో పెట్టకపోతే నేను పిల్లని తీసుకుని వెళ్లిపోతాను," అంది ట్రెసా.

"ఎక్కడికి?"

కిటికీలోంచి బయటికి చూసింది. వాకిట్లో ఆమె పాత కారు ఉంది. వెనక సీట్లో రెండు పెట్టెలు, ఒక దుప్పటి మడత అప్పటికే ఉన్నాయి.

"కారులోకి," అంది.

మైనస్ ఎనిమిది డిగ్రీలుంది ఆ రోజు.

మంగళవారం ఉదయం డెల్మర్ ఇంటికి వెళ్లాను. ట్రెసాకి ఆ రోజు సెలవు, వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. మేబుల్ నేల మీద రంగు పెన్సిళ్లతో ఏదో గీస్తోంది. పక్కన ఒంటికన్ను గుడ్డ కుందేలు ఉంది. డెల్మర్ తన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ చేతికి కుట్టిన సంచీలో టీవీ రిమోటూ, దాని పక్కన ఒక పిస్టలూ ఉన్నాయి. ఏదో ఒక రోజు ఒకటి తియ్యబోయి ఇంకోటి తీస్తాడని నా భయం. వార్తలు నచ్చకపోతే మరీ.

"వచ్చారా మాస్టారూ! సంతకం పెట్టడానికా, పాఠం చెప్పడానికా?"

"పందెం వేయడానికి."

అతని కళ్లు వెలిగాయి. క్లింగర్ వంశంలో పందెం వద్దన్న మగవాడు ఇంకా పుట్టలేదు.

"నీకెన్ని తుపాకులున్నాయి డెల్మర్?"

"పదిహేడు."

"ఎక్కడెక్కడున్నాయి?"

"అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే నాకు తాళం అక్కర్లేదు. తాళాలు మతిమరుపువాళ్లకి బావా. నీలాంటి కళ్లజోళ్లవాళ్లకి."

"అయితే రాయి. పదిహేడూ, ఎక్కడెక్కడున్నాయో. రాసినట్టు రాసినచోట అన్నీ ఉంటే నీ ఉత్తరం మీద సంతకం పెడతాను. ఏకగ్రీవం. ఒక్కటి తేడా వచ్చినా, గురువారం లోపు అన్నీ తాళంలోకి వెళ్లాలి. నీకు బీరువా లేదు కాబట్టి నా బీరువాలోకి."

వంటింట్లో చెక్కు తీసే చప్పుడు ఆగింది.

"మాట మీద నిలబడతావా?" అన్నాడు.

"నేనెప్పుడు నిలబడలేదు?"

గోడ కాలెండరులోంచి అయిపోయిన అక్టోబరు చింపి, వెనక రాయడం మొదలెట్టాడు. నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా రాశాడు. పదోతరగతిలో కూడా ఇంత శ్రద్ధగా రాసి ఉంటే నేను ఫెయిల్ చేసేవాణ్ణి కాదు.

జాబితా పట్టుకుని బయల్దేరాం. ఆ ఇంటి ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను, చెబితే నాకే సిగ్గేస్తుంది. రొట్టెల బుట్టలోది ఉంది. గొడుగుల మధ్యది ఉంది. సోఫా కిందది ఉంది, మీద మేబుల్ సాక్సు ఒకటి పడి ఉంది. స్నానాలగదిలో తువ్వాళ్ల వెనక ఒకటి ఉంది. "ఇక్కడెందుకు?" అంటే, "ఎవడైనా వస్తే?" అన్నాడు. స్నానం చేస్తున్నవాణ్ణి చంపడానికి మా కొండలెక్కి వచ్చేవాడెవడో, వాడి ఓపికని నేను మెచ్చుకోవాలి. గ్యారేజీలో నాలుగు, మెట్ల కింద మూడు దొరికాయి. ప్రతిదాని దగ్గరా డెల్మర్ టిక్కు పెట్టి, "చూశావా?" అన్నాడు. పదహారు టిక్కులయ్యేసరికి అతని నడకలో పెళ్లికొడుకు వచ్చేశాడు.

"పెన్ను తెచ్చుకున్నావా బావా? లేకపోతే నాదిస్తాలే."

"పదిహేడోది?"

"మేడ మీద, మంచం పక్క సొరుగులో. మా నాన్న రివాల్వరు. అది వదిలెయ్. నా మాట నమ్ము."

"పందెంలో నమ్మకాలుండవు. పద."

మెట్ల మొదట్లో ఆగిపోయాడు. "మోకాలు నొప్పి," అన్నాడు. ఇందాక గ్యారేజీలో నిచ్చెనెక్కిన మోకాలది.

అప్పుడు మేబుల్ నా పాంటు లాగింది.

"మీరు బుజ్జి తుపాకీ చూడలేదు."

"ఏ బుజ్జి తుపాకీ అమ్మా?" అంది ట్రెసా, వంటింటి గుమ్మంలోంచి. ఆమె చేతిలో చెక్కు తీసే కత్తి అలాగే గాల్లో ఆగిపోయింది.

మేబుల్ మమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్లింది. ఇల్లు వదిలి వెళ్లిపోయిన డెల్మర్ భార్య ఆర్లీన్ కుట్టుమిషను అక్కడుంది. దాని కింది సొరుగు లాగింది. దారపు ఉండల మధ్య అరచేతిలో పట్టేంత పిస్టల్ ఉంది. డెల్మర్ దాన్ని, ఎప్పుడో చచ్చిపోయాడనుకున్న చుట్టం ఎదురైనట్టు చూశాడు.

"అగ్నిమాపక దళంవాళ్ల లాటరీలో వచ్చింది," అన్నాడు మెల్లగా. "పదేళ్లయిందేమో. మర్చేపోయాను." వెంటనే సర్దుకున్నాడు. "అయినా ఏమైంది? పిడిలో దూర్చే తూటాల పెట్టె అసలు దాంట్లో లేదు చూడు. ఖాళీది. ఆటబొమ్మ."

నేను దాన్ని తీసుకుని, నేలకి గురిపెట్టి, పై రేకు వెనక్కి లాగాను. అరలోంచి ఒక తూటా ఎగిరి చెక్కనేల మీద పడింది. దొర్లుకుంటూ వెళ్లి మేబుల్ చెప్పుకి తగిలి ఆగింది.

తూటాల పెట్టె తీసేస్తే తుపాకీ ఖాళీ అనుకోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. ఆ తప్పు ఎవరు చేసినా క్లబ్బు గడప దగ్గర డెల్మర్ అందరి ముందూ తిట్టేవాడు. పళ్ల డాక్టరుని పంపించింది కూడా దానికంటే చిన్న తప్పుకే. ఆ మాట నేననలేదు. అనక్కర్లేదు. అతని ముఖం తెల్లబడింది. వంగి, మేబుల్ చెప్పు దగ్గర్నుంచి తూటా తీశాడు.

నిజానికి పందెం అక్కడితో అయిపోయింది. కానీ ట్రెసా ఆగలేదు. మెట్లు రెండేసి ఎక్కుతూ మేడ మీదకి వెళ్లింది. మేమూ వెళ్లాం. మంచం పక్క సొరుగు లాగింది. అందులో ఒక బైబిలు, దగ్గు మందు సీసా, ఆర్లీన్ చేతిరాతలో పాత పుట్టినరోజు కార్డు ఉన్నాయి. రివాల్వరు లేదు.

ట్రెసా తిరిగి మేబుల్ భుజాలు పట్టుకుంది. "నువ్వు తీశావా? చెప్పు! ఎక్కడ పెట్టావు? అమ్మ కొట్టదు, చెప్పు!"

పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది. కుందేలుని కూడా వదిలేసింది.

"దాన్నేం అనకు ట్రెసా," అన్నాడు డెల్మర్. మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. "ఆ రివాల్వరు ఆరేళ్లుగా అక్కడ లేదు."

ట్రెసా పిల్ల భుజాలు వదిలేసింది.

"మీ అమ్మ వెళ్లిపోయిన చలికాలం. ఒకసారి సొరుగు తీశాను. లేదు."

"మరి ఎవర్నీ అడగలేదేం నాన్నా?"

డెల్మర్ తన చేతుల్నే చూసుకుంటున్నాడు. పెద్ద చేతులు, గోళ్ల కింద గ్రీజు.

"అడిగితే, ఎందుకు వెతికావు అంటారు," అన్నాడు.

ట్రెసాకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నాకూ అంతే పట్టింది. ఆ చలికాలం అతను సొరుగు తీసింది ఏ దొంగ కోసమూ కాదు. ఆమె పిల్లని ఎత్తుకుని వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. క్లింగర్లు అలాంటివాళ్లు. మేబుల్ మాత్రం ఏడుపు ఆపి, చెయ్యి చాచి తాత చెవి పట్టుకుంది.

ఆర్లీనే తీసుకెళ్లి ఉంటుందని నేననుకున్నాను. డెల్మర్ కూడా అన్నేళ్లూ అలాగే అనుకున్నాడట. అలా అనుకోవడం సులువు. వెళ్లిపోయిన మనిషి నెత్తిన ఏదైనా పెట్టొచ్చు.

"రేపు తెస్తాను," అన్నాడు నేను బయల్దేరుతుంటే. "పందెం పందెమే."

ఇంటికొచ్చి నా తుపాకుల బీరువా తెరిచాను. పదిహేడింటికి చోటు చెయ్యాలి. నా బీరువా గురించి నాకెంత గర్వమో ఇదివరకు చెప్పలేదు గానీ, క్లబ్బులో దాని గురించి వినని చెవి లేదు. తూటాలు వేరే పెట్టెలో ఉంటాయి, తాళంచెవి ఎక్కడుందో, లుయెలా పోయాక, ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. అందులో ఏముందో ప్రతి అంగుళం చెప్పగలనని డెల్మర్‌తో ఎన్నోసార్లు అన్నాను.

పై అర లుయెలాది. ఇంటి కాగితాలు, వాళ్ల అమ్మ ఉంగరం, నీలం రంగు బిస్కెట్ల డబ్బా ఉన్నాయి. డబ్బాలో గుండీలుంటాయని నాకు తెలుసు. అంటే, ఉంటాయని అనుకున్నాను. ఆమె పోయాక ఆ అర మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. నాలుగు నవంబర్లు దాని కిందినుంచే రైఫిల్ తీసి, దాని కిందే పెట్టాను.

డబ్బా తీశాను. గుండీలు అంత బరువుండవు.

కుర్చీలో కూర్చుని మూత తెరిచాను. వంటింటి తువ్వాలు, నీలం గళ్లది, చాలాకాలం కనబడటం లేదని నేను వెతికినది, పైన ఉంది. దాన్ని విప్పితే మావగారి రివాల్వరు. పక్కన ఆస్పిరిన్ సీసాలో ఆరు తూటాలు. సీసా మూత మీద బ్యాండేజీ పట్టీ అంటించి, దాని మీద "ఆరు" అని రాసింది. లుయెలా ఏ పనీ సగం చేసేది కాదు. అడుగున చీటీ ఉంది. చీటీలో తేదీ ఆరేళ్ల కిందటి ఫిబ్రవరి.

"ఇది డెల్మర్‌ది. వాడు అడిగిన రోజున ఇచ్చెయ్. అడిగాడంటే బాగున్నట్టే. లూ."

ఆ చలికాలం ఆమె రోజు విడిచి రోజు తమ్ముడికి సూపు పట్టుకెళ్లేది. వెళ్లేటప్పుడు గిన్నె, వచ్చేటప్పుడు ఖాళీ గిన్నె. "నీ తమ్ముడు ఊళ్లో అందరికీ ఉపన్యాసాలిస్తాడు, సూపు కాచుకోలేడా?" అన్నాను ఒకసారి. నాకు బాగా గుర్తుంది. ఆమె గిన్నె మీద తువ్వాలు సర్దుకుంటూ, "కాచుకోలేడు ఓరిన్," అంది, అంతే. ఏదో ఒక రోజు ఆ ఖాళీ గిన్నెలో, ఆ నీలం గళ్ల తువ్వాలు కింద, ఇది వచ్చింది. నేను బహుశా ఈ కుర్చీలోనే కూర్చుని పత్రిక చదువుకుంటూ ఉండి ఉంటాను. తుపాకులు తాళంలో పెట్టడం గురించి ఏదో వ్యాసం అయ్యుంటుంది, నా దురదృష్టం కొద్దీ.

డెల్మర్ని పరీక్ష చెయ్యడానికి వెళ్లిన పరీక్షాధికారిని నేను. అతని జాబితాలో రెండు తప్పులు దొరికాయని లోలోపల పొంగిపోయినవాణ్ణి. నా బీరువాకి నేను జాబితా రాసి ఉంటే ఆరు అని కాక, అయిదు అని రాసి, కింద గీత గీసి, ఠీవిగా సంతకం పెట్టేవాణ్ణి. క్లబ్బులో ఆ ముప్పై ఒక్కమందిని చూసి మూతి విరిచినంతగా ఆ సాయంత్రం అద్దంలో నన్ను చూసి విరిచాను. టిల్లీ వచ్చి నా పాదం మీద గడ్డం పెట్టుకుంది. దానికి నా మీద ఏ అభిప్రాయమూ లేదు. కుక్కలో అది గొప్ప గుణం.

బుధవారం పదకొండింటికి డెల్మర్ ట్రక్కు వాకిట్లో ఆగింది. వెనక పాత బొంతల్లో చుట్టిన తుపాకులు కట్టెల మోపులా ఉన్నాయి. దిగుతూనే, "పొద్దున ఉత్తరం పోస్టు చేశాను," అన్నాడు. "'ఒక్కరు తప్ప అందరం' అని మార్చాను. మొదటి సంతకం నాదే. తాళం వేసుకోవడం నా ఇష్టం బావా, ప్రభుత్వం ఇష్టం కాదు."

"ప్రభుత్వం చెప్పకముందు నీ ఇష్టం ఎన్నాళ్లు నిద్రపోయింది?"

"నిన్నటిదాకా," అన్నాడు. ఇద్దరం నవ్వుకోలేదు గానీ నవ్వినంత పనయింది. మనిషి తన బీరువా మార్చుకుంటాడు గానీ ఉపన్యాసం మార్చుకోడు. అంతకన్నా నేను ఆశించలేదు.

"ట్రెసా?" అన్నాను.

"కారులోంచి పెట్టెలు దింపింది. రేపు టర్కీ తనే చేస్తుందట. నిన్ను రమ్మంది. నేను రమ్మనలేదు, గుర్తుపెట్టుకో."

మొదటి తుపాకీ తీసుకుని మా గడప దగ్గరికి వచ్చి ఆగాడు. ఇది క్లబ్బు కాదు, మా ఇల్లు. నలభై ఏళ్లుగా తలుపు తట్టకుండా వచ్చే ఇల్లు. అయినా ఆగాడు. బోల్ట్ వెనక్కి లాగి నా వైపు తిప్పాడు. నేను వంగి చూశాను.

"ఖాళీ," అన్నాను.

పదిహేడుసార్లు అలాగే అయింది. ఆర్లీన్ దారపు ఉండల్లోని బుజ్జి పిస్టల్ ఆఖరున వచ్చింది. దాన్ని చూపించేటప్పుడు మాత్రం అతను నా ముఖంలోకి చూడలేదు. నేను రెండుసార్లు చూసి, రెండుసార్లు "ఖాళీ" అన్నాను.

బీరువా నిండిపోయింది. పై అరలో మాత్రం చోటు ఉంచాను. నీలం డబ్బా బల్ల మీద పెట్టి, చీటీ అతని చేతికిచ్చాను.

డెల్మర్ కళ్లజోడు తెచ్చుకోలేదు. చీటీని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, తర్వాత దగ్గరగా పట్టుకుని చదివాడు. చిన్న చీటీ. చాలాసేపు చదివాడు.

"సూపు," అన్నాడు చివరికి. "మా అక్క సూపులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే."

"ఎక్కువే," అన్నాను.

"ఇది నీకు తెలుసా ఇన్నాళ్లూ?"

ఇక్కడ అబద్ధం చెప్పే అవకాశం దొరికింది. చెబితే నేను పెద్దమనిషినయ్యేవాణ్ణి.

"నిన్న సాయంత్రం దాకా తెలియదు. నా బీరువాలో ఏముందో నాకే తెలియదు డెల్మర్."

అతను నా వైపు చూశాడు. వెటకారం చెయ్యడానికి అంతకంటే మంచి సందు ఈ జన్మలో మళ్లీ దొరకదు. నేను సిద్ధంగానే నిలబడ్డాను. అతను మాత్రం చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ వేసుకున్నాడు.

"అడుగుతున్నాను బావా," అన్నాడు. "మా నాన్న రివాల్వరు నాకియ్యి."

ఇచ్చాను.

అతను రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం దాటి బయట నిలబడ్డాడు. గుండ్ల చక్రం పక్కకి తెరిచి, గడప ఇవతలున్న నాకు చూపించాడు. ఆరు గూళ్లలోంచి ఆరు చుక్కలుగా మంచు వెలుతురు కనబడింది. వంగాను, ఒక్కొక్కటే చూశాను.

"ఖాళీ," అన్నాను.

అప్పుడు లోపలికొచ్చాడు. రివాల్వర్ని నీలం గళ్ల తువ్వాలులో మళ్లీ చుట్టి, డబ్బాలో పెట్టి, తనే పై అర మీద, వాళ్ల అమ్మ ఉంగరం పక్కన పెట్టాడు. బీరువా తలుపు భుజంతో నెట్టాడు.

"వెయ్యి తాళం," అన్నాడు.